సున్నా పక్కన తేదీ

ఈ ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు రాసిన అంకె సున్నా.

పలమనేరు దాటి, మామిడితోపుల సందున
పదహారు కిలోమీటర్లు లోపలికొస్తే
గంగిరేవులపల్లె పీహెచ్‌సీ.
మందులిచ్చే కిటికీ వెనకాల పదకొండేళ్ళుగా నేను.

సున్నా రాయడం కష్టమేం కాదు.
కాస్త తిప్పితే చాలు
గీత తన మొదలు తానే వెతుక్కుంటుంది.
పాముకాటు మందు: సున్నా.
ఐరన్ మాత్రలు: సున్నా.
బీపీ మాత్రలు ఒక పెట్టె ఉంది, గడువు దాటింది,
దాన్ని ఒకటి అనాలా సున్నా అనాలా
ఎవర్ని అడగాలో తెలియక
ఆ గడి ఖాళీగా వదిలేశాను.

శెనక్కాయలు పెరికే కాలం.
దొరసామిని టమోటా బండిలో తెచ్చారు
ఖాళీ క్రేట్లు ఒక పక్కకు తోసి.
మడమ పైన రెండు చుక్కలు,
పెన్ను కొనతో పెట్టినంత చిన్నవి.
డాక్టరుగారు డెప్యుటేషన్ మీద తిరుపతిలో.
షాహీన సిస్టర్ నా కిటికీ వైపు చూసింది.
నేను ఫ్రిజ్ తెరిచాను.
లేదని తెలిసీ తెరిచాను.
లోపల లైటు వెలిగింది,
చల్లగాలి వచ్చి మొహానికి తగిలింది, అంతే.

మొగిలి ఘాటు దిగేటప్పటికి
కనురెప్పలు ఎత్తలేకపోయాడట.
బంగారుపాళ్యం దాకా ఊపిరి ఉండింది.

తర్వాత తెలిసింది,
చిత్తూరు గోడౌన్లో నలభై సీసాలు
ఉగాది నుంచీ చల్లగా ఉన్నాయని.
నా ఇండెంటు అక్కడే ఉంది, ఒక సంతకానికి ఎదురుచూస్తూ.
పాత సారు బదిలీ అయ్యాడు,
కొత్త సారు చేరలేదు,
ఇన్‌చార్జి సారు అది తన సెక్షన్ కాదన్నాడు.
మందు లేక పోలేదు దొరసామి.
నలభై కిలోమీటర్లు పాము విషానికి ఒక పూట పట్టింది,
కాగితానికి ఆరు నెలలు చాల్లేదు.

మూడో దినాలు దాటాక మొగిలెమ్మ వచ్చింది,
ఆస్పత్రి కమిటీలో మహిళా సభ్యురాలు.
మినిట్స్ పుస్తకం చదివి వినిపించమంది.
చదివాను. నాలుగు మీటింగులు. నాలుగింటికీ ఆమె వేలిముద్ర.
"మందుల నిల్వ సంతృప్తికరం" అని నాలుగుసార్లు,
నా చేతిరాతే.

"నేను రాని మీటింగుకు
నా యేలు ఎట్టొచ్చింది నాయనా?"

పోయిన ఏడు పెన్షన్ కాగితమని
ఆమె చేత వేయించుకున్నవి అవి.
నేను చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు.
బయటికి పోయి, అంగన్‌వాడీలో మూల విరిగిన నల్లబోర్డు
మనవడి నెత్తిన పెట్టించుకొచ్చి
గోడకు ఆనించింది.

"ఉండేది రాయి. లేనిది రాయి.
సున్నా పక్కన నువ్వడిగిన తేదీ రాయి.
ఆ పక్కన, యెవురి బల్ల మీద నిలిచిపొయ్యిందో
ఆ బల్ల పేరు రాయి."

పెద్ద సారు ఫోన్ చేశాడు, తుడిచేయమని.
గుడ్డ తీసుకుని బయటికి వెళ్ళాను కూడా.
బోర్డుకు వీపు ఆనించి మొగిలెమ్మ
ఒళ్ళో చింతకాయలు పోసుకుని ఒలుస్తోంది.
సాయంత్రం దాకా లేవలేదు.

తొమ్మిది రోజులకు ఐరన్ మాత్రలు వచ్చాయి.
బీపీవి ఇంకా రాలేదు,
ఆ బల్ల పేరు ఇంకా బోర్డు మీదే ఉంది.
డాక్టరుగారు మంగళ, శుక్రవారాలు వస్తున్నారు,
మిగతా ఐదు రోజులూ రాయడానికి
బోర్డులో చోటు చాలదు.

మొన్న దొరసామి పెండ్లాం కుప్పమ్మ
బిడ్డకు జ్వరమని వచ్చింది.
సిరప్ తీసుకుని కూడా కదలకుండా
"ఆ మందుది యే గీత?" అంది.
చూపించాను.
అక్షరాలు రాని వేలితో
పది అన్న అంకెను మెల్లగా తడిమింది.
సుద్ద వేలికంటింది. సున్నా సగం చెరిగింది.

మళ్ళీ రాయబోయి, ఆగి,
లోపలికెళ్ళి ఫ్రిజ్ తెరిచి
ఒక్కొక్క సీసా లెక్కపెట్టి వచ్చాను.